ఒకటో నంబరు పెట్టె

బొమ్మ నోరు తెరుచుకుని భోజనాల బల్ల మీద వెల్లకిలా పడుకుంది. నాన్న కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో నోటి అద్దం పట్టుకుని దాని పళ్ళు పరీక్ష చేస్తున్నాడు.

ఆదివారం. క్లినిక్కు సెలవు. అయినా ఆయన తెల్లకోటు వేసుకునే వచ్చి కూర్చున్నాడు. అద్దం లోపలికి పెడుతూ, అలవాటు కొద్దీ "నొప్పి పెడితే చెయ్యి ఎత్తండి" అనబోయి, సగంలో ఆగి, గొంతు సవరించుకున్నాడు.

"పై వరస. ముందు పళ్ళ మధ్య సందు. ఎడమవైపు రెండోది సగానికి విరిగింది," అన్నాడు, పక్కన ఎవరో రాసుకుంటున్నట్టు. "సైకిలు మీంచి పడి నా దగ్గరికొచ్చిన రోజు తీసిన అచ్చు ఇది. పోస్టుమాస్టరుగారి పళ్ళు. అవునా, కాదా?"

బల్లకి అటువైపు నిలబడ్డ కూతురు, "అవును," అంది.

"పోస్టుమాస్టరుగారి పళ్ళు ఈ జడ్జీ నోట్లోకి ఎలా వచ్చాయి?"

ఎలా వచ్చాయో ఆయనకి నిన్న సాయంత్రమే తెలిసింది. పోస్టుమాస్టరు పంటికి తొడుగు వేయించుకోవడానికి వచ్చాడు. కుర్చీలో కూర్చునే ముందు వెనక గది కిటికీలోంచి తొంగి చూశాడు. లోపల నల్లకోటు వేసుకున్న చెక్కబొమ్మ ఒకటి తాడుకి వేలాడుతూ, ఆయన పళ్ళతో ఆయన్నే కోపంగా చూస్తోంది. అప్పటినుంచి ఈ ఇంట్లో పొయ్యి వెలిగింది గానీ మాట వెలగలేదు.

"షెల్ఫులో అచ్చుంటే దాని మీద మూస పోసుకున్నాను. ఊడదీస్తుంటే అచ్చు పగిలిపోయింది. పళ్ళసెట్లకి వాడే సామానుతోనే చేశాను," అందామె.

"ఎవర్నడిగి?"

"ఎవర్నీ అడగలేదు."

వంటింట్లోంచి టీ కప్పులతో అత్త వచ్చింది. నాన్నకి అక్క. అమ్మ పోయిన ఈ మూడేళ్ళుగా ఇంటిని ఆవిడే నడిపిస్తోంది. కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక, జడ్జీగారి కాళ్ళు కాస్త పక్కకి జరిపి అక్కడ పెట్టింది.

"పోనీలేరా. ఆయనేం ఏడవట్లేదు. పొద్దున పాలకి వెళ్తే సందు చివర నలుగుర్ని పోగేసి, నా పళ్ళు జడ్జీ అయ్యాయోయ్ అని చెప్పుకుంటున్నాడు. ముప్ఫై ఏళ్ళు స్టాంపులు గుద్దినా రాని ప్రమోషను ఒక్క పూటలో వచ్చిందట."

చిన్న డాక్టరు నవ్వు ఆపుకుంది. ఆ పేరు పేషెంట్లు పెట్టింది. పళ్ళ డాక్టరు చదువు ముగించి ఆర్నెల్లయినా కాలేదు, అప్పుడే నాన్నని పెద్ద డాక్టరు, ఆమెని చిన్న డాక్టరు చేసేశారు. ఎవరు అలా పిలిచినా ఎవరో తన వెనక నిలబడి ఉన్నట్టు వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది ఆమెకి.

"ఆయన నవ్వినంత మాత్రాన తప్పు ఒప్పయిపోదక్కా," అన్నాడు నాన్న. "జనం నన్ను నమ్మి నోరు తెరుస్తారు. సొంతవాళ్ళకి చూపించనివి నాకు చూపిస్తారు. అవి తీసుకెళ్ళి ఆటబొమ్మలకి అతికించడానికా ఐదేళ్ళు చదివించాను?"

"అచ్చులు తీయడం తప్పే నాన్నా. ఒప్పుకుంటున్నాను. బొమ్మలు చేయడం తప్పని మాత్రం ఒప్పుకోను."

"రేపు పొద్దున నీ కుర్చీ మొదలు."

"నాకు కుర్చీ వద్దని పోయిన నెలే చెప్పాను."

"బోర్డు కూడా వచ్చేసింది."

బోర్డు గోడకి ఆనించి ఉంది. పైన నాన్న పేరు, కింద ఆమె పేరు, రెండూ ఒకే కొలత అక్షరాల్లో. పేరు ఎంత చిన్నగా రాయించినా ఆమెకి అంత బాధ కలిగేది కాదు. ఒకే కొలతలో రాయించాడు.

అప్పుడు క్లినిక్కు తలుపు తోసుకుని మైనం బాబాయి వచ్చాడు. పళ్ళసెట్లు తయారుచేసే ముసలి టెక్నీషియను. ఎప్పుడు చూసినా గోళ్ళ సందుల్లో ఎర్రమైనం ఉంటుంది గనక ఆ పేరు. ఆమె చదువుకి వెళ్ళిన మొదటి ఏడు, మైనం ముద్దలోంచి పన్ను చెక్కడం రాక ఏడిస్తే, వారం రోజులు పక్కన కూర్చుని నేర్పింది ఆయనే. పన్ను చెక్కగా మిగిలిన మైనంతో ఆమె ఒక ముఖం చెక్కింది. తనకేం కావాలో ఆ రోజే తెలిసింది. మిగతా నాలుగేళ్ళూ ఆ మాట నోటితో అనడానికి పట్టాయి.

బాబాయి చేతిలో కాగితం ఉంది. పొద్దుటినుంచి షెల్ఫులో పెట్టెలు లెక్కపెట్టమని నాన్న ఆయన్ని కూర్చోబెట్టాడు. వచ్చిన ప్రతి మనిషి పళ్ళ అచ్చూ ఒక్కో అట్టపెట్టెలో, ఒక్కో నంబరుతో ఉంటుంది.

"మూడు ఖాళీగా ఉన్నాయి సార్. రెండువందల పన్నెండు."

"పోస్టుమాస్టరుగారు. ఊఁ."

"ఏడువందల ఆరు."

"పాటల టీచరు." నాన్న, పక్క కుర్చీలో కూర్చోబెట్టి ఉన్న రెండో బొమ్మ వైపు చూశాడు. గడ్డపార పట్టుకున్న తోటమాలి. ఏడుపు ముఖం. కింది వరసలో పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. "ఆమెకి పాపం ఆ పళ్ళంటే ఎంత సిగ్గో నీకు తెలుసా? సరే. మూడోది?"

బాబాయి కాగితం మడిచాడు. మళ్ళీ విప్పాడు. మళ్ళీ మడిచాడు.

"అది మీరే చూసుకోండి సార్."

"నంబరు చదవవయ్యా."

"నా నోటితో చదవలేను సార్."

నాన్న చేతిలో టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది. దాని వెలుతురు జడ్జీ నోట్లోంచి జారి, బల్ల అంచు దాటి, ఆమె భుజానికి ఉన్న గుడ్డసంచి మీద పడి ఆగింది.

అత్త అటూ ఇటూ చూసింది. "ఏ నంబర్రా అది?"

టీ మీద మీగడ కట్టింది.

ముప్ఫై ఏళ్ళ కిందట నాన్న కొత్తగా క్లినిక్కు పెట్టినప్పుడు, ఇంకా వీధిలో ఎవరూ మెట్లెక్కనప్పుడు, మొదటి అచ్చు ఎవరిది తీశాడో ఆ గదిలో ఉన్న నలుగురికీ తెలుసు. పెళ్ళయి అప్పటికి పది రోజులు.

"నాలుగింటికి వెళ్ళాలి నాన్నా," అందామె. "గోదాములో చూస్తామన్నారు."

బొమ్మలాట బృందం పాత గోదాములో ఉంటుంది. రేపు తెల్లారి వాళ్ళ బండి ఊళ్ళు తిరగడానికి బయలుదేరితే ఏడాది దాకా రాదు. బొమ్మలు చెక్కేవాళ్ళు ఒకరు కావాలి వాళ్ళకి. బృందాన్ని నడిపే పెద్దావిడ ఒకటే చెప్పింది: మూడు బొమ్మలు తే. ఒకటి కోప్పడాలి, ఒకటి ఏడవాలి, ఒకటి నవ్వాలి. కోపం, ఏడుపు ఎవరైనా చెక్కుతారు. నవ్వేదాన్ని చూశాక చెప్తాను నీకు బండిలో చోటుందో లేదో.

"వెళ్ళు," అన్నాడు నాన్న. "ఎవరి పళ్ళు వాళ్ళకి ఇచ్చేసి వెళ్ళు."

అంత తేలిగ్గా వదులుతాడని ఆమె అనుకోలేదు. ఆయనా అనుకుని ఉండడు, ఆమె అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని. ఆమె క్లినిక్కులోకి వెళ్ళి పట్టకారు తెచ్చింది. జడ్జీ తల ఎడమ చేతి సందిట ఇరికించుకుని, పై వరస పట్టుకుని ఒక్క ఊపుతో పెకలించింది. కింది వరస తీసింది. తోటమాలివి తీసింది. చదువులో నేర్పినట్టే, మణికట్టు తిప్పి, చెక్క చీలకుండా. నాలుగు వరసలూ జేబురుమాలులో పెట్టి నాన్న ముందుకి జరిపింది.

ఆరు వారాల పని. తీయడానికి రెండు నిమిషాలు పట్టింది.

అత్త జడ్జీని పైకెత్తి చూసింది. బుగ్గలు లోపలికి పోయినట్టు కనబడ్డాయి. గడ్డం ముక్కుదాకా వచ్చింది. "పళ్ళు పోయాక ఇంకా కోపంగా ఉన్నాడే వీడు," అంది.

"పోస్టుమాస్టరుగారికి నిన్నే క్షమాపణ చెప్పుకున్నాను. పాటల టీచరింటికి ఇప్పుడు దారిలో వెళ్ళి చెప్తాను. ఇంక నా తప్పు తీరిపోయింది."

"మూడోది?"

"అది ఇవ్వను."

"ఎందుకివ్వవు?"

"ఆవిడ పేషెంటు కాదు గనక. మా అమ్మ గనక."

"నాకు మొదటి పేషెంటు," అన్నాడు నాన్న. గొంతు పెద్దది చేయలేదు. ఆయన గొంతు పెద్దది చేసి ఉంటే ఆమెకి సులువయ్యేది.

సంచిలోంచి ఆమే తీసింది మూడో బొమ్మని. అమ్మ పోలికలు లేవు దానికి. కావాలనే వేరే ముఖం చెక్కింది: గుండ్రటి బుగ్గలు, చిన్న కళ్ళు, సంతకి వెళ్ళే ఆడమనిషి ముఖం. దవడకి ఒక దారం, కుడిచేతికి ఒక దారం, రెండూ పైన అడ్డకర్రకి కట్టి ఉన్నాయి.

నాన్న చేయి చాచాడు. ఆమె ఒక క్షణం ఆగి, ఇచ్చింది.

అడ్డకర్ర పట్టుకోవడం ఆయనకి రాలేదు. సిరంజి పట్టుకున్నట్టు మూడు వేళ్ళతో పట్టుకున్నాడు. దవడ దారం లాగాడు. బొమ్మ నోరు తెరిచి నవ్వింది. ఎడమవైపు పై కోరపన్ను పక్కపన్ను మీదికి ఎక్కి, ముందుకి పొడుచుకొచ్చి, నవ్వంతా ఒక పక్కకి లాక్కుపోయింది.

మైనం బాబాయి కిటికీ వైపు తిరిగిపోయాడు.

"పనితనం బాగుంది," అన్నాడు నాన్న. "కానీ మనిషి తప్పు. మీ అమ్మ ఇలా నవ్వలేదు."

"ఇలాగే నవ్వేది."

"ఇరవై ఏడేళ్ళు కాపురం చేశాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా ఆమె ఒక్కసారి నవ్వడం నేను చూడలేదు. అది ఆమె అలవాటు. నీకు తెలియదా?"

తెలుసు. తెలుసు గనకే ఆ కుడిచేతికి దారం కట్టింది. ఆ దారం సంగతి చెప్పకుండా ఈ గదిలోంచి బయటపడగలిగితే బాగుండునని పొద్దుటినుంచీ అనుకుంటోంది. చెప్పకుండా మూడేళ్ళు దాటించింది.

"అలవాటు కాదు నాన్నా."

"మరి?"

"నీ ముందే పెట్టుకునేది."

అత్త చేతిలో కప్పు కింద పెట్టి ఇటు తిరిగింది.

"వంటింట్లో నవ్వేది. పెరట్లో బట్టలు ఆరేస్తూ నవ్వేది. నేను కాలేజీ కబుర్లు చెప్తే తల వెనక్కి వేసి, కొండనాలుక కనిపించేలా నవ్వేది. క్లినిక్కులోంచి నీ చెప్పుల చప్పుడు వినిపించగానే చెయ్యి నోటి మీదికి వెళ్ళేది. నేను చిన్నప్పుడు అదేదో ఆట అనుకునేదాన్ని. నువ్వొచ్చేవేళకి నేను కూడా నోరు మూసుకునేదాన్ని."

"ఎవరు చెప్పారు నీకిది?"

"చెప్పడమెందుకు? చూశాను. ఒకసారి అడిగాను కూడా. మీ నాన్నకి నేను నవ్వితే పన్ను కనిపిస్తుందే, అంది."

నాన్న బొమ్మ వైపే చూస్తున్నాడు. "ఆర్నెల్లలో వరసలో పెట్టేస్తానన్నాను. అంతే. ఒకే ఒక్కసారి అన్నాను. ఆమె వద్దంది. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు."

"ఒకసారే అన్నావు."

"ప్రేమతో అన్నాను."

"తెలుసు నాన్నా."

"అక్కా?" అన్నాడు ఆయన, తల తిప్పకుండా.

అత్త జవాబు చెప్పకుండా తప్పించుకోవచ్చు. టీ చల్లారిపోయిందని వంటింట్లోకి వెళ్ళిపోవచ్చు. ఆవిడ అక్కడే నిలబడి, చీర కొంగు వేలికి చుట్టుకుని, "నాతోనూ నవ్వేదిరా," అంది.

గోడగడియారం మూడుంబావు కొట్టింది.

నాన్న లేచాడు. బొమ్మని రెండు చేతులతో ఎత్తుకుని, దారాలు చిక్కుపడకుండా చూసుకుంటూ క్లినిక్కులోకి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. గడియ పడింది.

తర్వాత మిషను మొదలైంది.

పళ్ళు అరగదీసే మిషను. పుట్టినప్పటినుంచీ ఆ కూత వింటూ పెరిగింది ఆమె. దాని పక్కనే నిద్రపోయింది, చదువుకుంది. ఎన్నడూ భయం వేయలేదు. ఇప్పుడు వేసింది.

"సరిచేస్తున్నాడు బాబాయ్. ఆ పన్ను సరిచేస్తున్నాడు."

"తలుపు కొట్టమ్మా," అన్నాడు బాబాయి. "కాళ్ళ మీద పడి అడుగు. పెద్దాయన, కరుగుతాడు."

"మైనమా ఏంటి, కరగడానికి?" అంది అత్త. కానీ ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. "ఉండవే కాసేపు. నాలుగు దాటితే కొంప మునగదుగా."

"మునుగుతుంది అత్తా. నా కొంపే."

ఆమె తలుపు దగ్గరికి వెళ్ళింది. కొట్టలేదు. చెక్కకి దగ్గరగా నోరు పెట్టి, మిషను కూత మీదుగా వినబడేలా మాట్లాడింది.

"నాన్నా. ఆ చదువు వృథా పోలేదు. నా చేతికి అది పనికొచ్చింది. ఆ పనికి నేను పనికిరాను, అంతే. నాకు మనుషుల నోరు చూస్తే బాగుచేయాలనిపించదు. ఎలా ఉందో అలా చెక్కాలనిపిస్తుంది. రేపు నీ బోర్డులో నా పేరు ఉన్నా నేను ఆ కుర్చీ దగ్గర ఉండను. ఆ పన్ను సరిచేస్తే చేసుకో. నా దగ్గర అచ్చు లేదు, మూస కూడా లేదు. అయినా ఇంకోటి చెక్కుతాను. అది నా వేళ్ళకి తెలుసు. చేసిన ప్రతి బొమ్మకీ అదే పన్ను పెడతాను. రాజుకీ, దొంగకీ, జడ్జీకీ. ఎన్నని అరగదీస్తావు?"

మిషను ఆగిపోయింది.

ముగ్గురూ ఎదురుచూశారు. గడియ తీసిన చప్పుడు రాలేదు. అడుగులు లేవు. లోపల స్టూలు చక్రాలు మాత్రం కొద్దిగా కదిలాయి, డాక్టరు పేషెంటుకి దగ్గరగా జరిగినప్పుడు కదిలినట్టు.

మూడున్నర దాటి ఐదు నిమిషాలైంది.

ఆమె బల్ల దగ్గరికి వచ్చి పళ్ళు లేని జడ్జీని, పళ్ళు లేని తోటమాలిని సంచిలో పెట్టుకుంది. బాబాయి తన జేబులోంచి ఎర్రమైనం ముద్ద ఒకటి తీసి సంచిలో వేశాడు. అత్త గుమ్మం దాకా వచ్చి, "ఆ నవ్వేది లేకుండా వెళ్ళి ఏం చూపిస్తావే?" అంది.

"ఖాళీ చేతులు చూపిస్తాను. అక్కడే కూర్చుని చెక్కుతాను, వాళ్ళు చూస్తుండగా."

"వద్దంటే?"

"వద్దన్న తర్వాత ఆలోచిస్తాను. వద్దంటారేమోనని ఐదేళ్ళు ఆలోచించాను, చాలు."

మెట్లు దిగి వీధిలోకి వచ్చింది. క్లినిక్కు కిటికీ వీధివైపే ఉంటుంది. గరుకద్దం, లోపలి మనుషులు కనిపించరు, నీడలే కనిపిస్తాయి. పట్టపగలు లోపల లైటు వెలుగుతోంది. నడుస్తున్నదల్లా ఆగింది.

వెలుగుతున్నది కిటికీ పక్క లైటు. రెండో కుర్చీ మీది లైటు. ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా తీయని కుర్చీ. రేపు పొద్దున మొదటి పేషెంటుని కూర్చోబెట్టి ఆమె వేయాల్సిన లైటు.

అద్దం మీద రెండు నీడలున్నాయి. ఒంగి కూర్చున్న పెద్ద నీడ. దానికెదురుగా కుర్చీలో చిన్నది, తల వెనక్కి వాలి ఉంది. కిటికీ పైన గాలికి తెరిచిన సందులోంచి నాన్న గొంతు వినిపించింది. పేషెంట్ల దగ్గర వాడే గొంతే. అయితే 'అండి' లేదు.

"నొప్పి పెడితే చెయ్యి ఎత్తు."

ఒక్క క్షణం ఏమీ కదల్లేదు. తర్వాత చిన్న నీడలోంచి ఒక చెయ్యి, అలవాటు లేని వేళ్ళు దారం లాగుతుంటే తూలుతూ, తడబడుతూ పైకి లేచింది. ఛాతీ దాటింది. గడ్డం దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగింది. నోటికి అడ్డం పడలేదు. కిందికీ దిగలేదు.



లోపల మిషను మళ్ళీ కూసింది. ఆ పన్ను మీదో, మరి దేని మీదో నీడల్లో తెలియలేదు.

ఆమె ముఖం తిప్పుకుని నడక మొదలుపెట్టింది. సంచిలో కోపం, ఏడుపు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి. నవ్వు ఆ గదిలోనే ఉండిపోయింది. నాలుగు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.